మొదటి పేరా

నాలుగు దాటి అయిదు నిమిషాలైంది. కొమరోలుకు పడమరగా, ఊరికి మైలు దూరంలో ఉన్న గుట్ట వాలులో, సర్కారు తుమ్మ నీడన జీవాలు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి నిలబడ్డాయి. భాగ్య బండ మీద కూర్చుని ఫోను మోకాలి మీద పెట్టుకుంది. చేతిలో ఉంటే మాటిమాటికీ చూడాలనిపిస్తోంది, పక్కన పెడితే మోగినా వినపడదేమోనని భయం, అందుకని మోకాలి మీద. నాయన గురవయ్య గొర్రెల కడుపులో పురుగులు పోయే నట్టల మందు తేవడానికి పొద్దున్నే గిద్దలూరు పోయాడు. పోతూ పోతూ "జీవాలను నువ్వు తోలుకుపో తల్లీ, గుట్ట మీదైతే నీ ఫోనుకు టవరు గూడా తగులుతాది" అన్నాడు. ఆయనకు తెలిసింది అంతే. ఈరోజు ఒక కబురు రావాలి, దాంతో కూతురి చదువు సంగతి తేలిపోవాలి. ఏది ఎటు తేలాలో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు. చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? సీటు ఉంది నాయనా, కానీ దాంతో పాటు ఫెలోషిప్ లేదు. ఇంకోచోట ఫెలోషిప్ ఉంది, కానీ సీటు లేదు. సీటు ఉన్నచోట సాయంత్రం అయిదు లోపల ఒప్పుకొని ఫీజు కట్టాలి. ఫెలోషిప్ ఉన్నచోట నాకంటే ముందున్న మనిషి సాయంత్రం అయిదు లోపల వద్దనాలి. ఇట్లా చెబితే నాయన తలపాగా సర్దుకుని "రెండూ ఒక్క పొద్దే పెట్టినారే" అంటాడు, అంతే అంటాడు.

పోయినేడాది కూడా ఇదే నెల, ఇదే కాలం, వాన రాని జూన్. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో చరిత్ర శాఖలో పీహెచ్‌డీ సీటు వచ్చింది. ఫెలోషిప్ కావాలంటే నెట్ పరీక్షలో పైగీత దాటాలి, ఆమె రెండుసార్లు రాసి రెండుసార్లూ ఆ గీతకు వేలెడు కింద ఆగిపోయింది. పీహెచ్‌డీకి అర్హురాలివే గానీ నెలనెలా డబ్బుకు కాదు అని దాని అర్థం. తిండికీ గదికీ ఎట్లా అని వెనకాడి, ఇంకోచోట పెద్ద ఫెలోషిప్‌కు వెయిటింగ్ లిస్టులో నాలుగో పేరు ఉంటే, నాలుగే కదా, ముందున్న ముగ్గురూ ఎక్కడికో పోతారులే అనుకుని హైదరాబాదు గడువు దాటనిచ్చింది. ఆ ముగ్గురూ ఎక్కడికీ పోలేదు. సంవత్సరమంతా గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూల్లో ఏడో తరగతికి సాంఘికం చెబుతూ, బ్లాక్ బోర్డు మీద తారీఖులు రాస్తూ, తుడుస్తూ, నేను వదిలేసుకున్న కుర్చీలో ఇప్పుడు ఎవరు కూర్చున్నారో అని ఆలోచించింది. ఈసారి హైదరాబాదు సీటు మళ్ళీ వచ్చింది, ఇంకోచోట వెయిటింగ్ లిస్టులో ఒకటో పేరు. బెంగుళూరు అవతల ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయం, అయిదేళ్ళ ఫెలోషిప్, హాస్టలు, కర్నూలుకూ చెన్నైకీ పోయి పాత కాగితాలు చూసుకోవడానికి వేరే ఖర్చు. ఒకటో పేరు నాలుగో పేరు కంటే ఎక్కువ నిద్ర చెడగొడుతుందని ఆమెకు అప్పుడు తెలిసింది. ఆఫర్ చేతిలో ఉన్న ఆ ఒక్క మనిషి ఎవరో, ఏ ఊరో, ఆడో మగో తెలియదు. మూడు వారాలుగా ఆ మనిషికి ఇంకెక్కడైనా ఇంతకంటే మంచిది రావాలని భాగ్య కోరుకుంటోంది. పరాయి మనిషి మేలు ఇంతగా ఆమె ఎన్నడూ కోరుకోలేదు.

కొమ్ము విరిగిన పొట్టేలు నీడలోంచి బయటికొచ్చి రాలిన తుమ్మకాయల్ని ఏరుకుంటోంది. దాని వెనక పడమటి దిక్కున నల్లమల వరస, ఎండకు రంగు వెలిసి, మబ్బో కొండో తేలకుండా ఉంది. చిన్నప్పుడు ఎండాకాలం వస్తే నాయనతో పాటు అక్కడి దాకా మందతో పోయేది. నాయన వాళ్ళ నాయనా అట్లానే పోయేవాడు, అవ్వ ఈరమ్మ కూడా తన నాయన వెంట పోయేది. గడ్డి ఇక్కడ ఎండితే అక్కడికి, అక్కడ వానలు పట్టి ఈగలు ముసిరితే ఇక్కడికి. ఆ దారులే ఆమె పరిశోధన. అడవిలో మేపినందుకు సర్కారు వసూలు చేసిన పుల్లరి, పాసులు, పట్టుకున్న మందలు, జరిమానాలు, ఆ దారుల్లో కాపరులకూ అడవిలో ఉండే చెంచులకూ మధ్య నడిచిన ఇచ్చిపుచ్చుకోవడం. మార్కాపురంలో డిగ్రీ చదివేటప్పుడు చరిత్ర చెప్పిన ప్రభాకరరావు సారు, రిటైరైనా ఆమె కాగితాలు ఇప్పటికీ దిద్దుతాడు, ఈ సంగతి విని కళ్ళజోడు తీసి పక్కన పెట్టాడు. "మొదటి పేరా గట్టిగా తగలాలమ్మా. వాళ్ళు రోజుకు వంద కాగితాలు చదువుతారు. నీది చదివినాక ఇంకోటి చేతిలోకి తీసుకోబుద్ధి కాకూడదు" అన్నాడు. అందుకని ఆమె తన పరిశోధన ప్రతిపాదనను ఇట్లా మొదలుపెట్టింది: కర్నూలు రాజధాని అయిన మరుసటి ఎండాకాలంలో, పుల్లరి కట్టనన్నందుకు మా ముత్తాత ఆరు నెలలు జైల్లో ఉన్నాడు. ఆయన వెంట ఆ రోజు అడవిలో ఉన్న పన్నెండేళ్ళ కూతురు మా అవ్వ. నేను ఆమె మనవరాలిని. ఇంగ్లీషులో అది ఇంకా బాగుంది. సారు రెండుసార్లు చదివి, ఒక్క కామా కూడా మార్చలేదు.

ఫోను మోగింది. మోకాలి మీద నుంచి జారి బండకు తగలబోతే పట్టుకుంది. అవతల ఒక కుర్రవాడి గొంతు, మర్యాదైన ఇంగ్లీషు. అభినందనలు, మీ ముందున్న అభ్యర్థి ఇప్పుడే వద్దని రాశారు, ఆఫర్ మీకు వస్తుంది, మెయిల్ పంపాను, అయిదు లోపల ఒప్పుకుంటున్నట్టు జవాబివ్వండి, లేకపోతే తర్వాతి పేరుకు పోతుంది. ఆమె సరే సరే అంటోంది. ఇంకొక్క సంగతి, అన్నాడు. కొత్త ఫెలోలను పరిచయం చేస్తూ మేం ఒక పేజీ పెడతాం, మీ ప్రతిపాదనలో మొదటి పేరా కమిటీకి చాలా నచ్చింది, దాన్నే మీ ఫోటో కింద వేస్తున్నాం, సరేనని అదే మెయిల్లో ఒక మాట రాయండి చాలు. ఫోను పెట్టేశాడు. జీవాలు ఒక్కటొక్కటే నీడ విడిచి వాలు ఎక్కుతున్నాయి. వాటి ముందుకు పోయి మళ్ళించాలి, లేకపోతే శ్రీరాములు మామ కంది చేలో పడతాయి, అక్కడ కంది మొలవలేదు, దుక్కి దున్ని వాన కోసం పెట్టిన ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు, అయినా పడితే మామ ఊరుకోడు. ఆమె లేచింది, కర్ర అందుకుంది, ఎటు నడవాలో తెలిసీ అక్కడే నిలబడింది. సంతోషం రావాలి కదా, ఇదే కదా అడిగింది. సంతోషం వచ్చినట్టే ఉంది, గొంతు దాకా వచ్చి, ఆ మొదటి పేరా దగ్గర ఆగింది.

బెంగుళూరు ఇంటర్వ్యూకు ముందు రోజు సాయంత్రం. వాకిట్లో అవ్వ చింతపండులో గింజలు తీస్తోంది. వీడియోలో మాట్లాడేటప్పుడు తడబడకూడదని భాగ్య గోడకు ఆనుకుని, ఎదురుగా ఎవరో ఉన్నట్టు, ముందు తెలుగులో చెప్పుకుని చూసుకుంటోంది. మా ముత్తాత జైలుకు పోయినాడు, పుల్లరి కట్టనని ఎదురు తిరిగినాడు. ఎనభై నాలుగేళ్ళ అవ్వ తల ఎత్తలేదు. "జైలుకు పోయింది మా నాయన కాదు గదమ్మా" అంది. భాగ్య ఆగిపోయింది. మరెవరు? "ఆ చెంచాయన." గింజ ఒకటి పళ్ళెంలో పడింది. "అడివి కాలింది. గడ్డి కాలి కొండకు ఎక్కింది. గార్డులు వచ్చి ఎవురు ముట్టిచ్చినారని అడిగితే మా నాయన ఆయన్ను చూపిచ్చినాడు. మాకు నీళ్ళుండే చోటు చూపిచ్చినోడే ఆయన, దినామూ తేనో గడ్డలో తెచ్చి పెట్టేటోడు. ఆరు నెలలేసినారు." మరి మా నాయన జైలు కత చెప్తాడే? "మీ నాయనకేం తెల్సు. మా నాయన సిగ్గుతో నెల దినాలు ఇంటికి రాలా. ఊళ్ళో వాళ్ళు జైల్లో పెట్టినారనుకున్నారు. మేం కాదని అనలా. అనకపోతే అదే నిలబడిపోయింది." ఇన్నాళ్ళూ నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే అవ్వ మొదటిసారి తల ఎత్తి చూసింది. "నువ్వు నన్నడిగినావా? మీ నాయన చెప్పింది రాసుకున్నావు. నన్ను దారులడిగినావు, పాటలడిగినావు. ఇది అడగలా." తర్వాత చింతపండు ముద్ద చేసుకుంటూ, ఏదో చిన్న సంగతి చెప్పినట్టు, "నీతో హాస్టల్లో చదివిన పిల్ల లేదూ, మల్లి. వాళ్ళ వాళ్ళే" అంది.

మర్నాడు తెర మీద ముగ్గురు. ఇద్దరు ఏవో పుస్తకాల గురించి అడిగారు, చెప్పింది. మూడో ఆమె, నెరిసిన జుట్టు, ఎర్ర అంచు చీర, మెత్తగా అడిగింది: మీ ముత్తాత గురించి చెప్పండి. భాగ్య దగ్గర రెండు క్షణాలు ఉన్నాయి, ఆ రెండూ ఆమెకు ఇప్పటికీ గుర్తే. తెరలో తన ముఖం తనకే చిన్నగా ఒక మూలన కనబడుతోంది, ఆ ముఖం నోరు తెరిచింది. చెప్పింది. అడవి అంచున గార్డులు మందను చుట్టుముట్టడం, ముత్తాత కర్ర అడ్డం పెట్టడం, కంభం దాకా సంకెళ్ళతో నడిపించుకుపోవడం, కూతురు ఏడుస్తూ వెనకబడడం. ఇవేవీ నాయన కూడా చెప్పలేదు, ఆమెకే అప్పటికప్పుడు తోచాయి, ఒకటి చెబితే దాని చెయ్యి పట్టుకుని ఇంకోటి వచ్చింది. ఎర్ర అంచు చీర ఆమె కాసేపు ఏమీ రాసుకోకుండా వింది. మౌఖిక ఆధారాలు నమ్మదగ్గవేనా అని రెండో ఆయన అడిగితే, ఎవరు చెబుతున్నారు, ఎందుకు చెబుతున్నారు, ఏం దాస్తున్నారు అని అడుగుతూ వినాలి అని భాగ్య జవాబిచ్చింది. మంచి జవాబు అన్నాడాయన. ఆ మాటకు ఆమె చెవులు వేడెక్కాయి. ఇప్పటికీ ఎవరైనా మంచి జవాబు అంటే, స్కూల్లో తను పిల్లలతో అన్నా, చెవులు వేడెక్కుతాయి.

మంద ముందుకు పోయి నిలబడింది. కర్ర చాచితే పొట్టేలు ఆగి, ఆమెను కాసేపు చూసి, విసుగ్గా వెనక్కి తిరిగింది, మిగతావి దాని వెనక. నాలుగుంపావు. ఒప్పుకుంటున్నాను, పేరా వేసుకోండి అని రాస్తే అయిపోతుంది. ఎవరికి నష్టం? ముత్తాత లేడు, ఆ చెంచాయన లేడు, డెబ్బై ఏళ్ళ కింద కాలిన గడ్డి. మరుసటేడే మొలిచి ఉంటుంది. పరిశోధనలోకి పోయాక మెల్లగా దిద్దుకోవచ్చు, మూడో ఏడాదో నాలుగో ఏడాదో, ఒక అధ్యాయంలో, కింద చిన్న అక్షరాల్లో, కుటుంబంలో వినబడే కథకూ వాస్తవానికీ తేడా ఉంది అని. అప్పుడు దాన్ని కూడా మంచి మాట అంటారు. ఇప్పుడు చెబితే? అబద్ధం చెప్పిన పిల్లకు అయిదేళ్ళ ఫెలోషిప్ ఎవరిస్తారు. నాయన ఏమంటాడు? ఆయనకు ఉన్న ఒకే ఒక గొప్ప అది. అంగడిలో ఎవరైనా గొర్రెలోడా అని తేలిగ్గా పలికితే, మా తాత సర్కారుకు ఎదురు నిలిచి జైలుకు పోయినోడు అంటాడు, ఒక్కసారి కూడా గొంతు పెంచకుండా అంటాడు. ఆ మాట మీదనే ఆయన కూతుర్ని చదివించాడు. మన ఇంట్లో భయపడేవాళ్ళు లేరు అని చెప్పి హాస్టల్లో దిగబెట్టాడు. ఆ హాస్టల్లో పక్క పరుపు మల్లిది. ఇద్దరూ ఒకే కొబ్బరి నూనె సీసా, ఒకే దువ్వెన. తొమ్మిదో తరగతి దసరా సెలవుల్లో భాగ్య మల్లితో వాళ్ళ చెంచు గూడెం పోయి నాలుగు రోజులుంది. మల్లి వాళ్ళ అవ్వ జొన్న సంగటి పెట్టింది, తేనె పోసింది, తిను బిడ్డా అని దగ్గర కూర్చుంది. ఆ నాలుగు రోజుల్లో తను ఏం మాట్లాడిందో గుర్తు తెచ్చుకోవాలని చూసింది. తేనెపట్టు గుర్తుంది, కుక్కపిల్ల గుర్తుంది, మాటలు గుర్తు లేవు.

నాలుగున్నరకు మల్లికి ఫోను చేసింది. ఇప్పుడు మల్లి వాళ్ళ గూడెం అంగన్‌వాడీలోనే పని చేస్తోంది. ఫోన్లో పిల్లల అరుపులు, గిన్నెల చప్పుడు.

"ఏందే, సీటొచ్చిందా?" అంది మల్లి.

"వచ్చేటట్టుంది. దానికంటే ముందు నీకొకటి చెప్పాల" అని భాగ్య మొత్తం చెప్పేసింది. రాసిన పేరా, అవ్వ చెప్పింది, ఇంటర్వ్యూలో తను చెప్పింది, సంకెళ్ళతో సహా. చెబుతుండగానే పిల్లల చప్పుడు దూరమైంది, బయటికి నడిచినట్టుంది.

"మాకు తెల్సులే" అంది.

"ఎప్పటి నుంచి?"

"హాస్టల్లో ఉన్నెప్పటి నుంచి. మా అవ్వే చెప్పింది, నువ్వు మా ఇంటికొచ్చిపోయినాక. ఆయప్ప మా అవ్వకు నాయన గదా."

"తెల్సి గూడా నువ్వు నాతో..."

"నువ్వేం చేసినావు అప్పుడు, పిల్లదానివి." అంది మల్లి. "గానీ ఆ రోజు ఒకటి జరిగింది, నీకు గుర్తుండదు. సంగటి తింటా తింటా మీ ముత్తాత జైలు కత మా అవ్వకే చెప్పినావు నువ్వు. ఆమె విన్నది. విని నీకు ఇంకో ముద్ద వేసింది."

భాగ్య బండ మీద కూర్చోవాలని చూసి, బండ దూరంగా ఉంటే, కింద గరుసు నేల మీదనే కూర్చుంది. ముల్లు ఏదో గుచ్చుకుంది, తీయలేదు. ఆ ముద్ద రుచి నాలుక మీదికి వస్తుందేమో అనుకుంటే రాలేదు. ముసలామె చేతులు మాత్రం కనబడ్డాయి, సంగటిని నీళ్ళ చేత్తో గుండ్రంగా చేసే చేతులు, ఆ చేతులు ఒక్క క్షణమన్నా ఆగాయా? ఆగి ఉంటాయి. తను చూడలేదు. ఆరు నెలలు జైల్లో, ఎదురు తిరిగి, మా ఇంట్లో భయపడేవాళ్ళు లేరు, పద్నాలుగేళ్ళ పిల్ల నోటినిండా అన్నంతో చెబుతోంది, ఎదురుగా ఆ ఆరు నెలలూ నాయన లేకుండా గడిపిన మనిషి వింటోంది. ఫోన్లో మల్లి ఇంకా ఉంది, ఊపిరి వినబడుతోంది.

"ఆ పేరా దిద్ది పంపిస్తా మల్లీ. నిజంగా పోయింది మీ ముత్తాతని, ఆయన పేరు పెట్టి..."

"పెట్టొద్దు." గొంతు గట్టిపడింది. "మొన్నటిదాకా మీ ముత్తాతను పెట్టినావు, ఇప్పుడు మా ముత్తాతను పెడతావా? ఆయన నీ కాయితానికి మొదటి మాట గాదే. పేరు గూడా ఫోన్లో చెప్పను. మా అవ్వ బతికుండాది. వచ్చి ఆమెనడుగు. రాయమంటే రాయి, వద్దంటే వద్దు."

"మరి ఇప్పుడు అయిదు లోపల నేనేం రాయాల?"

"అది నాకేం తెల్సు. చదువుకున్నది నువ్వు." అంతలోనే మెత్తబడి, "ఉత్త జాగా ఉంటే ఉండనీలే" అంది, ఎవరో పిల్లాడు పడ్డాడని ఫోను పెట్టేసింది.

పదిహేడు నిమిషాలున్నాయి. మెయిల్ తెరిచింది. ప్రభాకరరావు సారుకు చేద్దామా అనుకుంది, సారు ఏమంటాడో తెలుసు, ముందు చేతికొచ్చింది పట్టుకో అంటాడు, అనడంలో తప్పు లేదు, పోయినేడాది తను వదిలేసుకున్నప్పుడు ఆమె కంటే ఎక్కువ బాధపడింది ఆయనే. చెయ్యలేదు. ఇంగ్లీషులో రాయడం మొదలుపెట్టింది. మొదటిసారి రాసింది చాలా బాగా వచ్చింది, జ్ఞాపకం గురించీ కుటుంబ గౌరవం గురించీ రెండు చక్కటి వాక్యాలు. చదివి భయమేసింది, ఇది కూడా మొదటి పేరాలాగే ఉంది, ఇది కూడా మెచ్చుకోమని అడుగుతోంది. చెరిపేసింది. మళ్ళీ రాసింది. నా ప్రతిపాదనలో మొదటి పేరా నిజం కాదు. మా ముత్తాత జైలుకు పోలేదు. ఈ సంగతి ఇంటర్వ్యూకు ముందు రోజు నాకు తెలిసింది, తెలిసీ అదే చెప్పాను, లేని వివరాలు కలిపి చెప్పాను. జైలుకు పోయిన మనిషి ఇంకొకరు, ఆయన గురించి రాయడానికి ఆయన కుటుంబం అనుమతి నా దగ్గర లేదు. దయచేసి ఆ పేరా ఎక్కడా వేయకండి. ఇది చదివాక కూడా ఆఫర్ ఉంటే ఒప్పుకుంటాను. లేకపోతే ఎందుకో నాకు అర్థమవుతుంది. ఏడు వాక్యాలు. ఒక్కటి కూడా అందంగా లేదు. వేలు పంపించే గుర్తు మీద ఉంచి, పడమటికి చూసింది, కొండల వరస ఇప్పుడు కొంచెం నల్లబడి స్పష్టంగా ఉంది. నాయన ముఖం గుర్తొచ్చింది, అంగడిలో గొంతు పెంచకుండా మాట్లాడే నాయన. ఈ సంగతి ఆయనకు ఎట్లా చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి, చెప్పాక ఆయన ఆ అంగడికి ఎట్లా పోతాడు. అది తేలకముందే పంపేసింది.

ఆ వెంటనే హైదరాబాదు పేజీ తెరిచింది. పాస్‌వర్డు రెండుసార్లు తప్పు కొట్టింది. స్కూలు జీతంలో దాచుకున్నది ఇందుకే, పోయినేడాది జరిగింది మళ్ళీ జరగకూడదని. కట్టండి అన్న చోట నొక్కింది. గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది, టవరు ఒక్క గీతకు పడిపోయింది. ఆమె లేచి ఫోను పైకెత్తి గుట్ట పైకి నడిచింది, నడక పరుగైంది, జీవాలు బెదిరి ఆమె వెంట పరుగెత్తాయి, మేపే మనిషి పరుగెత్తితే ఏదో ముంచుకొచ్చిందని వాటి లెక్క. పైన బండల దగ్గర నిలబడి ఆయాసంతో చూసుకుంటే నాలుగూ యాభై ఆరు, మీ ప్రవేశం ఖాయమైంది. చుట్టూ గొర్రెలు డొక్కలెగరేస్తూ ఆమె ముఖం వైపు చూస్తున్నాయి. నవ్వొచ్చింది, నవ్వు మధ్యలో ఏడుపు కలిసింది, అక్కడ ఎవరూ లేరు కాబట్టి రెంటినీ ఆపుకోలేదు. సీటు ఉంది, నెలనెలా డబ్బు లేదు. గది ఎట్లా, అన్నం ఎట్లా, డిసెంబరులో మళ్ళీ నెట్ రాయాలి, మళ్ళీ ఆ గీత, మళ్ళీ ఎదురుచూపు. ట్యూషన్లు చెప్పుకోవాలి. చెప్పుకుంటుంది.

అయిదుంపావుకు బెంగుళూరు నుంచి జవాబు వచ్చింది, ఆ కుర్రవాడే రాశాడు. మీ మెయిల్ కమిటీ అధ్యక్షురాలికి పంపాం. సోమవారం వాళ్ళు కలుస్తారు. అప్పటిదాకా ఆఫర్‌ను ఖాయం చేయలేం, తర్వాతి పేరుకూ పంపం. కోపం ఉందా, జాలి ఉందా అని ఆ మూడు వాక్యాలను అటూ ఇటూ తిప్పి చూసింది. ఏమీ లేదు. ఆఫీసు వాక్యాలు. ఇప్పుడు తనకు వెనక ఉన్న ఆ రెండో పేరు గుర్తొచ్చింది. ఎక్కడో ఏ ఊళ్ళోనో ఒక మనిషి ఫోను మోకాలి మీద పెట్టుకుని తన చెడు కోరుకుంటూ ఉండాలి. కోరుకోనీలే అనిపించింది.

మందను దిగువకు మళ్ళించింది. దుమ్ము లేస్తోంది, గొంతులో పడుతోంది. ఇల్లు చేరేసరికి నాయన ఇంకా రాలేదు. అవ్వ దొడ్డి దగ్గర కంప తీసి పక్కన పెట్టి, కర్రకు ఆనుకుని నిలబడి ఉంది, చూపు సరిగా ఆనకపోయినా జీవాలు లోపలికి పోతుంటే చేత్తో ఒక్కోదాన్నీ తడుముతూ లెక్క పెట్టడం ఆమె అలవాటు. చివరిది పోయాక కంప అడ్డం పెట్టి, "ఏమైందమ్మా నీ పని?" అంది.

"హైదరాబాదులో చేరతాండా అవ్వా. డబ్బులిచ్చేచోట జైలు సంగతి చెప్పేసినా. ముత్తాత పోలేదని, చెంచాయన పోయినాడని. ఇంగ ఇస్తారో ఇయ్యరో."

అవ్వ అరుగు మీద కూర్చుంది. కూర్చోవడానికి చాలాసేపు పట్టింది. భాగ్య ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చెప్పుల్లో దిగిన ముల్లు తీసుకుంటోంది. అవ్వ ఏదో గొణిగింది, వినబడలేదు.

"ఏంది అవ్వా?"

"అగ్గిపెట్టె నా దగ్గరుండె అంటాండా." అవ్వ దొడ్డి వైపు చూస్తూ మాట్లాడింది. "ఒక గొర్రెపిల్ల మేత లేక పడిపోయింటే, ఎండుగడ్డి కాలిస్తే పచ్చిక లేస్తాదని పెద్దోళ్ళు అంటాంటే విని, నేనే ముట్టిచ్చినా. గాలి తిరిగింది. గార్డు వచ్చి అడిగేటప్పుడు మా నాయన నన్ను పంచె ఎనక దాపెట్టి, ఆయన్ను చూపిచ్చినాడు. ఆయన నేను ముట్టిచ్చేది చూసినాడమ్మా. చూసినోడు. నా పక్క చూసినాడు, గార్డు పక్క చూసినాడు, నోరు తెరవలా. చేతులు కట్టించుకొని పోయినాడు."

భాగ్య చేతిలో చెప్పు అట్లానే ఉండిపోయింది. పంపిన మెయిల్లోని ఏడు వాక్యాలూ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. ఏదీ అబద్ధం కాదు. ఏదీ సరిపోలేదు. నెల రోజులు ఇంటికి రాని ముత్తాత, కూతుర్ని కాపాడి కూతురి ముఖం చూడలేక ఎక్కడ తిరిగాడో. డెబ్బై ఏళ్ళు ఆ కథను ఎవరు చెప్పినా కాదనకుండా విన్న ఈ ముసలి మనిషి. ఏదో అడగాలి, అడగడమే తన చదువు. అడగకుండా అవ్వ చేతి మీద చెయ్యి వేసింది. చేతి నిండా గొర్రె బొచ్చు, దుమ్ము.

అవ్వే అడిగింది. "ఆయనకు ఒక కూతురుండె. నా ఈడుది. అడివిలో మోరపండ్లు ఏరుకునేటోళ్ళం ఇద్దరం. బతికుందా?"

"ఉంది అవ్వా. మల్లి వాళ్ళవ్వ. నాకు అన్నం పెట్టింది."

అవ్వ తల ఊపింది. కొంగు చివర నోట్లో పెట్టుకుని కాసేపు నమిలింది, తీసింది. "పొద్దున్నే ఆటో మాట్లాడు" అంది. "ఎండెక్కితే నాకు చేతగాదు."